తాత్కాలికం-3

హలో… ఆ, నేనే, చోల్పోన్‌ని, తిలెక్ అన్నా. బిష్కెక్ ఆఫీసు నుంచి.

…అందరం బాగానే ఉన్నాం. మీ తేనెపెట్టెలెలా ఉన్నాయి? …బురుల్ వదిన?

…లేదు, పనుండే చేశాను. వరద సైరన్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి మీరు రాసిపెట్టిన టెస్టుల పేర్లు మారుస్తున్నాను. ప్రస్తుతానికి ఫెయిలవుతాయని తెలిసి పక్కన పెట్టినవి ఉన్నాయి కదా, వాటివి.

…అదే. 'తాత్కాలికం-3'. ఆ పేరు చూస్తే ఎవరికేం తెలుస్తుంది అన్నా?

…రెండేళ్లు. రోజూ ఫెయిలవుతుంది. అవుతుందని ముందే రాసిపెట్టారు కాబట్టి రోజూ పచ్చ టిక్కే. ఎవరూ తెరిచి చూడలేదు. …నేనూ ఇవాళే.

…ఆ, చదివాను. మీ ఊరి పైన సరస్సు దగ్గర నీటిమట్టం కొలిచే సెన్సార్ మూగబోతే సైరన్ దానంతటదే మోగాలి. మోగదు. పాత అంకెనే పట్టుకుని 'నీళ్లు మామూలే' అంటుంది.

…తెలుసు, నెలలో సరిచేద్దామనుకున్నారు. తర్వాత ఉద్యోగం మానేశారు. మీ ఒక్కరి తప్పే అనట్లేదు.

…కొత్త పేరా? 'సెన్సార్ మూగబోతే సైరన్ మోగాలి, ఇంకా మోగట్లేదు'. …పొడుగే. ఇలా ఉండుంటే మనలో ఒక్కరికైనా నిద్ర పట్టేది కాదు.

…ఆగండి. తెర మీద నీటిమట్టం… పొద్దున పదకొండింటికి ఎంతో ఇప్పుడూ అంతే. మిల్లీమీటరు తేడా లేదు.

…మీ దగ్గర వానుందా? …కొండ మీద?

అన్నా, వాకిట్లోకెళ్లి ఏరు చూడండి. …లైన్లోనే ఉంటాను.

…

…తగ్గిందా? …రాళ్లు కనబడేంతగానా?

…మంచిది కాదన్నా. పైన వాన పడుతుంటే కింద ఏరు ఎండకూడదు. ఎక్కడో బురదా బండలూ అడ్డం పడ్డాయి. నీళ్లన్నీ వాటి వెనక నిలబడుతున్నాయి.

…పెట్టెలు వదిలేయండి. వదిన్ని పిలవండి. రోడ్డు వైపు కాదు, గుట్ట మీదికి.

…ఇక్కడ మా ఆఫీసు పెద్దాయన్ని అడిగితే ముందు సెన్సార్ చూసి రమ్మంటాడు. అడగను. సైరన్ నేనే ఇక్కణ్ణుంచి చేత్తో నొక్కుతున్నాను.

…

వినిపిస్తోందా? …నాకూ, మీ ఫోన్లోంచి.

…మాట్లాడకండి. ఎక్కండి.

…

…ఆ మోత ఏమిటి? సైరన్ కాదు, దాని కింద…

…

…వదినా? ఇద్దరూ పైకొచ్చేశారా? …అన్నని ఊపిరి తీసుకోనివ్వండి.

…వంతెన లేదా. …ఇళ్లు?

…గుట్ట మీద ఎంతమంది ఉన్నారు? …మీ వీధిలో ఎంతమంది ఉండాలి?

…మళ్లీ లెక్కపెట్టండి వదినా. నేను ఫోన్ పెట్టేస్తున్నాను. ఆ వరద కింది ఊరికి చేరేలోపు వాళ్లకి చెప్పాలి.