శ్వేతవరాహ కల్పే అన్న తర్వాత

“తాతా, నువ్వు సంకల్పంలో చెప్పే ఏండ్లకూ, మా క్లాసులో విశ్వానికి చెప్పే పదమూడు వందల ఎనభై కోట్ల ఏండ్లకూ యాడన్నా పొంతన ఉండాదా?”

ఉండు పాపా, ఈ వక్క నమలనీ. పొంతనా! సెల్లులో రోజూ ఎవడో ఒకడు పంపిస్తానే ఉంటాడు గదా, బ్రహ్మకు ఒక పగలు నాలుగు వందల ముప్పై రెండు కోట్ల ఏండ్లు, సైన్సోళ్లు కూడా భూమికి ఇంచుమించు అంతే చెప్పినారు అని. కోటికి కోటి అతికించి చంకలు గుద్దుకుంటారు. గమ్మునుండండ్రా అనిపిస్తాది నాకు. పెద్ద లెక్కంటే నాకేం భయం? పురోహితం చేసుకుంటా యాభై ఏండ్లు పెండ్లిండ్లలో, గృహప్రవేశాల్లో నోటితో చెప్పినవాణ్ని. నన్ను భయపెట్టింది వేరే.

అప్పుడు మీ నాయన చంకలో బిడ్డ. కాదు కాదు, మీ అత్త చంకలో బిడ్డ, మీ నాయన నడిచేవాడు. కొండమీద ఒక పెండ్లి చేయించాలని తిరుచానూరు నుంచి పొద్దున్నే బయల్దేరినాను. కాఫీ పావలా ఆ కాలంలో. ఇప్పుడు పావలా చూపిస్తే పిల్లోళ్లు బొమ్మనుకుంటారు. ఏం చెప్తాన్నాను? ఆఁ, బస్సు. ఘాట్ రోడ్డులో ఒక మలుపు కాడ ఇంజను పొగలు కక్కి నిలిచిపోయింది. అందరం దిగినాము. ఆడ ఒక లెక్చరరు పిల్లోళ్లకు కొండను చూపించి పాఠం చెప్తా ఉండాడు. నా నామం చూసి పిలిచినాడు. “స్వామీ, ఈ గీత చూడండి. కింద రాయి వేరే, పైన పలకలు పలకలుగా ఉండే రాయి వేరే. రెండిటికీ నడమ ఎనభై కోట్ల ఏండ్లు. ఆ కాలం గడిచింది గానీ ఈడ దాని గుర్తుకు గులకరాయి కూడా మిగల్లేదు. చెయ్యి పెట్టండి” అన్నాడు.

పెట్టినాను. ఎండాకాలం. మణికట్టు కాడ కాలింది, వేళ్ల కాడ కాలింది. నడమ అరచేతికి ఏమీ తెలియలేదు పాపా. చల్లనా లేదు, వేడీ లేదు, రాయే లేనట్టు. చుట్టూ సద్దు కూడా పోయింది. కోతుల అరుపు, పిల్లోళ్ల నవ్వు, ఏదీ లేదు. ఒక్క ఊపిరి తీసినానేమో. చెయ్యి తీసి తిరిగితే బస్సు బాగై, జనమంతా ఎక్కి కూర్చోనుండారు. కండక్టరు ఎగిరెగిరి పడతా ఉండాడు, “అరగంట నుంచి పిలుస్తా ఉండాము, చెవుడా స్వామీ?” అని. ఆ లెక్చరరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పెండ్లిలో కూర్చున్నాను. సంకల్పమంటే ఏమి? బ్రహ్మ వయసు కాన్నుంచి ఈ పొద్దు తిథి దాకా వరసగా చెప్పి, ఇదిగో, ఇప్పుడు, ఈడ నేనుండాను స్వామీ అని దేవునికి ఆనవాలు చెప్పుకునేది. “ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే” అన్నాను. తర్వాత మాటకు నోరు పెగల్లేదు. మర్చిపోతే గుర్తు చేసుకుంటాము. ఆ మాట ఉండాల్సిన చోట ఏమీ లేదు తల్లీ. పెండ్లికొడుకు చేతిలో అక్షింతలు పట్టుకొని నన్నే చూస్తా ఉండాడు. మా బావమరిది పక్కనుండి అందుకున్నాడు కాబట్టి ఆ పూట గట్టెక్కింది.

మళ్లీ అంతే, మూడోసారీ అంతే. అయ్యోరికి నోరు పడిపోయిందని ఊరంతా గుప్పుమనింది. ఆర్నెల్లు మా గడప తొక్కినోడు లేడు. మీ అవ్వ లాడ్జీల కాడికి పూలు కట్టి ఇచ్చి మాకు గంజి పోసింది. “రాయి ముట్టుకుంటే నోరు పోయేదేమి, చోద్యం కాకపోతే! తర్వాత మాట వైవస్వత, అను” అని తెల్లారేసరికి పొయ్యి ముందర కూర్చోబెట్టేది. విడిగా అయితే వస్తాది, వరసలో రాదు. ఏడ్చినాను, దాచేదేముంది. ఆ ఎనభై కోట్ల ఏండ్లు కొండమీద ఉండే ఈయన్ను పేరు పెట్టి పిలిచినోడు ఒకడన్నా ఉండాడా, అప్పుడు ఈయన యాడ ఉండినాడు అని ఒకటే దిగులు.

కడాకు ఆ లెక్చరరే ఇంటికొచ్చినాడు. చిత్తూరు పక్క సేద్యం చేసుకునే ఇల్లు వాళ్లది, తిరుపతిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. “నా వల్లే గదా స్వామీ. గృహప్రవేశం మీరే చేయించాల. నిలిచిపోతే నిలిచిపోనీ, నేను పీట మీంచి లేయను” అన్నాడు. సరేనని పోయినాను.

“శ్వేతవరాహ కల్పే” అన్నాను. నిలిచిపోయింది. సద్దులన్నీ పోయినాయి. దీపం కూడా కదల్లేదు. ఎంతసేపని చెప్పేది? గడ్డం పెరుగుతాదేమో అన్నంతసేపు. ఇంక నా బతుకు ఇంతే అనుకున్నాను. అప్పుడు చెవి పక్కనే, మెల్లగా, “తెలియదు” అని ఒక మాట. అంతే పాపా, గొంతు తెరుచుకుంది. వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే అని వానకాలం వంక మాదిరి వచ్చేసింది.

విస్తరి కాడ ఆ లెక్చరరు చెయ్యి పట్టుకున్నాను. “తెలియదు అని ఒక్క మాటన్నావు, నా కూడు నిలబెట్టినావు నాయనా” అన్నాను. అన్నం కలిపేవాడు ఆపేసినాడు.

“నేనేమీ అనలేదే స్వామీ. అనేదానికి మీరు ఆగితే గదా? గుక్క తిప్పుకోకుండా చెప్పేసినారు.”

ఇప్పటికీ ప్రతి సంకల్పంలో ఆడ నాకొక సందు వస్తాది. కూర్చున్నోళ్లకు తెలియదు. నేను వింటాను. మగ గొంతో ఆడ గొంతో చెప్పలేను. కొండమీద ఉండే ఆయనే అంటాడనుకుంటాను. ఆ కాలం సంగతి ఆయనకు కూడా... సరేలే. రా, తల ఇట్ల వంచు. బాగా చదువుకో తల్లీ, నూరేండ్లు చల్లగా ఉండు. ఎప్పుడన్నా నీకు తెలిసొస్తే, నాకు చెప్పకపోయినా పర్వాలేదు. కొండెక్కి ఆయనకు చెప్పు.