లాప్‌టాప్ సంచీలో స్టవ్వు నాబులు

వరస తప్పితే తప్పుతుంది సంయుక్తా, ముందే చెప్తున్నా. మంగళారం జరిగింది బుధారంలో కలుస్తుందేమో, పొగ చూసి నేను లేచినానా, నేను లేచినాక పొగ వచ్చిందా... ఏదో ఒకటి. నువ్వు అడ్డం రాకుండా విను. కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని మీద ఉతికిన బట్టలున్నాయి.

టీ కావాల్నా? టీ ఎట్ల ఇచ్చేది నీకు? వంటింట్లోకి పోయి చూడు ఒకసారి. పో, చూసి రా.

చూసినావా? స్టవ్వుకు తిప్పే నాబులు ఉన్నాయా? ఒక్కటీ లేదు! పళ్ళూడిన ముసిల్దాని నోరు మాదిరి లేదూ? యాడికి పోయినాయంటావా? హైటెక్ సిటీకి పోయినాయి! రోజూ పొద్దున మా సురేంద్ర వాటిని పీకి, చేతిరుమాల్లో చుట్టి, లాప్‌టాప్ సంచీలో వేసుకొని ఆఫీసుకు పోతాడు. సాయంత్రం తెచ్చి మళ్ళా తగిలిస్తాడు. నా కడుపున పుట్టిన కొడుకు! నేను గ్యాసు వెలిగించి మర్చిపోయి, ఈ నల్లగండ్లలో ఇన్ని అంతస్తుల మేడను తగలబెడతానని భయం.

నవ్వు, నవ్వు. మొదటిరోజు నాకూ నవ్వే వచ్చింది. మధ్యాహ్నం పాలు కాచుకుందామని పోయినాక ఆగిపోయింది ఆ నవ్వు.

మా ఇంట్లో పనికి వస్తుందే యాదమ్మ, లింగంపల్లి ఆమె, నడుం మీద చెయ్యి పెట్టుకొని ఏమంటుందీ, "గిదేందవ్వా, నువ్వేం దొంగతనం జేసినవని పొయ్యికి బేడీలేసిండు? పట్కారు పెట్టి తిప్పాల్నా?" అంటుంది. వద్దు తల్లీ, అది విరిగితే ఆ పాపమూ నా నెత్తినే పడుతుందన్నాను. "ఫికర్ జెయ్యకవ్వా, పొద్దూకితే వస్తయి గదా నీ పొయ్యి చెవులు" అనుకుంటా అంట్లకు పోయింది.

అంతా ఆ చేప వల్లనే.

సాల్మన్ అంట. సురేంద్రకు రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువొచ్చింది. అప్పటి నుంచి మా కోడలు సౌజన్య ఆ చేప తెప్పిస్తుంది. నీకు తెలుసు గదా, నేను బడికి పోయిందాన్ని కాదు, అంగడి పొట్లాల కాగితాలు చదివి చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఏ అట్ట చేతికొచ్చినా వదలను. దాని మీది ఇంగ్లీషు కూడబలుక్కొని చదివితే 'నార్వే' అని ఉంది. విమానంలో వచ్చిందంట! నేను ఇంతవరకూ విమానం ఎక్కలేదు, నా పళ్ళెంలోకి వచ్చే చేప ఎక్కింది. అయినా దాని దర్జా చూడాల నువ్వు, లోపలంతా కనకాంబరం పువ్వు రంగు. రంగు పూసి అమ్ముతున్నారేమో అని గోటితో గీకి కూడా చూసినాను.

మొదటిసారి చేసినప్పుడు నేను పక్కనే నిలబడినాను. ఉప్పూ పసుపూ పట్టించి రుద్ది కడగకుండా చేపను నేను పొయ్యి దరిదాపులకు రానీను గదా. ఆ పిల్లేమో పసిబిడ్డకు నీళ్ళు పోసి ఒళ్ళు తుడిచినట్టు మెత్తటి కాగితంతో తడి అద్దింది. అంతే! "అయ్యో, పసుపమ్మా!" అంటే, "అవసరం లేదత్తా" అనింది. ఉప్పు, మిరియాల పొడి, ఇంత నూనె. గీతల పెనం ఒకటుంది, అది బాగా కాగినాక తోలు వైపు కిందికి వచ్చేట్టు పెట్టింది. ఇంక ముట్టుకోదు! కదిలించదు! నాకు చేతులు ఆగితే గదా. "కదిలిస్తే విరుగుతుందత్తా, తోలు కరకరలాడినాక అదే పెనం వదులుతుంది" అని నా చేతిలో గరిటె లాక్కుంది. కాసేపటికి తిప్పింది, ఇంకాసేపటికి దించింది, నిమ్మకాయ పిండింది. బియ్యం కడిగినంత సేపట్లో వంటయిపోయింది.

కారం లేదు, పులుసు లేదు. ఇది చేపా, పత్తెమా అనుకుంటా నోట్లో పెట్టుకున్నాను.

నీకు మాత్రం చెప్తున్నా, సౌజన్యతో అనొద్దు. ఆ తోలు ఉంది చూడు, అప్పడం మాదిరి విరిగింది పళ్ళ కింద. నాది అయిపోయినాక వాడి పళ్ళెంలోది కూడా అడిగి తిన్నాను. వాడు చూస్తానే ఉండిపోయినాడు.

ఈ శనివారం నేనే వేస్తానన్నాను, తెలుసా? "అత్తా, మీరు పసుపు వేయనని మాటివ్వాల" అనింది. ఇచ్చినాను. ఇప్పుడు ఆ శనివారమే నన్ను మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసకపోతారంట. చేప పోయి డాక్టరు వచ్చినాడు.

ఆ, మంగళారం. చెప్తున్నా గదా, తొందరపెట్టొద్దు, తొందరపెడితేనే జారిపోతాయి.

సాయంత్రం. సౌజన్య అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది, చెవులకు ఆ హెడ్‌ఫోను తగిలించుకొనే పెనం పెట్టింది. నేను ఇదే బల్ల దగ్గర నీతో ఫోన్లో ఉన్నాను. నువ్వే గదా మాట్లాడింది? నువ్వే. రోజూ ఎవరో ఒకరికి నేను పేర్లు అప్పజెప్తాను గదా, మా ప్రొద్దుటూరు వీధిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏ ఇంట్లో ఎవరుండేవాళ్ళో. ఆ రోజు వంతు నీది. వాళ్ళందరితో ఇప్పుడు నాకేం పనుంది చెప్పు? ఏం లేదు. పొద్దున లేస్తానే అద్దంలో మొహం చూసుకోరా ఎవరైనా, అట్లాంటిదే ఇది. ఉన్నానా, అంతా ఉన్నానా అని.

సరే, అప్పజెప్తా ఉన్నాను. ముందు కమురు వాసన వచ్చింది. తర్వాత వంటింటి గడపలో నుంచి తెల్లగా పొగ. తర్వాత నెత్తి మీద పొగ తగిలితే మోగే ఆ గంట, దాని గొంతు పడిపోను, ఒకటే కూత! సురేంద్ర వాడి గదిలో నుంచి పరుగెత్తుకొచ్చినాడు. గ్యాసు ఆపినాడు, కిటికీ తెరిచినాడు, పెనం తీసి తొట్లో పడేస్తే అది బుస్సుమనింది. ఆ చేప, అంత దూరం నుంచి వచ్చిన చేప, పాత చెప్పు అడుగు మాదిరి నల్లగా అయిపోయింది.

తిరిగి ఎవరి వైపు చూసినాడనుకుంటావు? పెళ్ళాం వైపు చూసినాడా? నా వైపు!

"అమ్మా! మళ్ళా మర్చిపోయినావా?"

ఆ 'మళ్ళా' చూడు సంయుక్తా. ఎప్పుడో ఒక్కసారి పాలు పొంగినాయి. పాలు పొంగని ఇల్లు యాడన్నా ఉందా?

నేను పెట్టనేలేదురా అందామని నోరు తెరిచినాను. అప్పుడే సౌజన్య గదిలో నుంచి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం ఆ పొద్దున్నే వాడు, నీకు వంటంటే ఫోన్లో నొక్కడమే గదా అని ఎగతాళి చేసి పోయినాడు. నా చెవులతో విన్నాను. ఇప్పుడు చేప మాడ్చింది ఆ పిల్లే అని తెలిస్తే ఏడాది పాటు దెప్పుతాడు వాడు. వాడి సంగతి నాకు తెలీదా?

నాకేమనిపించిందో ఏమో, "అవును నాయనా, నేనే మర్చిపోయినాను" అన్నాను.

అన్నాను! ఎంత గొప్పగా అనిపించిందంటే, నా అంత అత్త ఈ హైదరాబాదులో ఇంకొకతి లేదనుకున్నాను. ముసిల్దాన్ని, నేను మర్చిపోతే ఎవరేమంటారు? నా వయసుకు అది చెల్లుతుంది. ఇంక ఆ పిల్ల నా వైపు చల్లగా ఒక చూపు చూస్తుంది, కంట్లో నీళ్ళు తిరుగుతాయి అని కాచుకొని కూర్చున్నాను.

అది వచ్చి నా చెయ్యి పట్టుకొని ఏమనింది తెలుసా? "పర్లేదత్తా. మీరు ఫోన్లో ఉన్నప్పుడు చెప్పడం నాదే తప్పు" అనింది.

చెప్పడమా? ఏం చెప్పినావు నాకు?

"ఆఫీసు కాలు వచ్చింది, కాస్త చూసి తిప్పేయండత్తా అన్నాను గదా. మీరు తల ఊపినారు."

ఊపినానంట!

చూసినావా? ఆ పిల్ల కోసమని నేను దానంగా నెత్తినేసుకున్న తప్పు, తీరా చూస్తే నాదేనంట! నేనేమో అబద్ధం చెప్పినాననుకుంటున్నా, ఆ పిల్లేమో అత్త నిజం ఒప్పుకుందనుకుంటోంది. ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు? అరే, నేను ఊరికే అన్నానురా అంటే, "అదీ మర్చిపోయినావా అమ్మా" అంటాడు వాడు.

ఆ మర్నాటి నుంచే నాబులు ఆఫీసుకు పోవడం మొదలుపెట్టినాయి.

ఆగు, నిన్నటిది చెప్పనీ, అసలు కత అది. నిన్న సౌజన్య పట్టుదలగా మళ్ళా అదే చేప తెచ్చింది. తడి తుడిచింది, మిరియాలు చల్లింది, పెనం పెట్టింది. స్టవ్వు తిప్పబోతే ఏముంది, బోడి కడ్డీలు! మా దొర సాయంత్రం చేతులూపుకుంటా వచ్చినాడు. సంచీ ఏదిరా అంటే ఆఫీసులోనే వదిలేసినాడంట! "అరె, మర్చిపోయినా" అని తల గోక్కున్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని నవ్విందే నవ్వింది. బయట నుంచి బిర్యానీ తెప్పించుకొని తిన్నారు. రక్తంలో కొవ్వు కూడా మర్చిపోయినట్టుంది.

వాడు మర్చిపోతే బిర్యానీ. నేను మర్చిపోతే డాక్టరు. నాక్కూడా ఒక ముక్క పెట్టినారు, తిన్నాను. బాగానే ఉంది.

ఇదిగో, ఇప్పుడు అడుగుతున్నా, అందుకే పిలిపించినాను నిన్ను మణికొండ నుంచి. నువ్వు అప్పుడు ఫోన్లో ఉన్నావు. నిజం చెప్పు. మా చెల్లెలి బిడ్డవి, నా దగ్గర దాచొద్దు. సౌజన్య గొంతు వినబడిందా నీకు?

నేల చూపులు వద్దు. వినబడిందా?

ఏమని?

...'తిప్పేయండత్తా' అనా. స్పష్టంగానా?

మరి నేను? నేనేమీ అనలేదా? ఊ అని కూడా అనలేదా.

సరేలే. నువ్వేం చేస్తావు, విన్నది చెప్పినావు. ఆ మంచినీళ్ళ గ్లాసు ఇట్లియ్యి.

ఒక మాట చెప్తాను, ఈ గది దాటకూడదు. తల నేను ఊపే ఉంటాను సంయుక్తా. ఆ ఒక్కసారే కాదు, రోజంతా ఊపుతానే ఉంటాను. వాళ్ళు గబగబా ఏదో చెప్పి పోతారు, సగం నా దాకా వచ్చేలోపల తలుపు పడిపోతుంది. 'ఏమంటివి' అని ఒకసారి అడగచ్చు. రెండోసారి అడిగితే వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపు నేను తట్టుకోలేను. అందుకని ఊపేస్తాను. గొర్రె మాదిరి. ఏం ఒప్పుకున్నానో నాకే తెలీదు. చేపను మర్చిపోయింది కాదే నేను, ఆ పిల్ల మాట నా చెవిలో పడిందే గానీ లోపలికి పోనేలేదు. ఇది మర్చిపోయే జబ్బా, భయపడే జబ్బా? శనివారం ఆ డాక్టరు చెప్తాడేమో. ఆయన అడిగినదానికి కూడా తల ఊపి వస్తానేమో, నా మొహం మండ!

నువ్వు కూడా రా శనివారం. నా పక్కన కూర్చో. నేను ఊపితే గిల్లు.

ఇంకొకటి. ఆ నిమిషంలో నేను యాడున్నానో తెలుసా? పేర్లలో ఉన్నాను. మూడో ఇంటి దగ్గర ఇరుక్కుపోయినాను. పెన్నా చేపలు తట్టలో పెట్టుకొని వీధి వీధి తిరిగేదే ఒకామె, కొత్త కాపురంలో నాకు చేప కడగడం నేర్పింది, పసుపు అలవాటు నాకు చేసింది ఆమే. ఆమె మొహం కనబడుతోంది, ముక్కుపుడక కనబడుతోంది, పేరు రాదు! ఒళ్ళంతా బిగపట్టుకొని వెతుకుతున్నాను. ఇక్కడ నా ముందర చేప మాడుతోంది, నేను చేపలామె పేరు కోసం వెతుకుతున్నాను. చెప్పు, నవ్వాల్నా, ఏడవాల్నా?

ఈ పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చింది పేరు. వచ్చిందనే అనుకుంటున్నా. నువ్వు చిన్నప్పుడు సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపినావు, నీకు తెలుస్తుంది. సరిచూడు. వరసగా చెప్తా.

మొదటిది మునిస్వామి ఇల్లు. రెండోది మిషను కుట్టే భాగ్యమ్మది. మూడోది... సుంకమ్మ. చేపల సుంకమ్మ.

అవునా, కాదా?

ఏమే, తల ఊపుతున్నావు? వద్దు, నా దగ్గర నువ్వు కూడా ఊపొద్దు. నోరు తెరిచి చెప్పు.