నడుం వంగిన విగ్రహం

కూలీల సంఘం తమ హాల్లో పెట్టడానికి విగ్రహం చేయిస్తోంది. ముసలి నాయకుడు శిల్పి పనిగదిలో స్టూలు మీద కూర్చుని, ఆమె చేసిన మట్టి బొమ్మకేసి గుర్రుగా చూశాడు.

“ఏంటమ్మాయ్, ఇంత వంకరగా చేశావ్?”

“మీరు అలాగే ఉన్నారు తాతగారూ.”

“ఉంటే? బతుకంతా ‘నడుం నిలబెట్టండ్రా’ అని గొంతు చించుకున్నాను. తీరా నేనే ప్రశ్న గుర్తులా తేలాను. సంఘం పరువు పోతుంది, నిటారుగా చెయ్యి.”

“పొట్టి పారతో కలుపు తీసీ తీసీ వంగిందన్నారు కదా?”

“అవును. అందుకేగా, పొడుగు కర్ర పారలు ఇచ్చేదాకా సమ్మె చేయించాను. అప్పటికే నా నడుం అయిపోయింది. నా మీటింగులన్నిటిలాగే ఆ గెలుపూ ఆలస్యంగానే వచ్చింది.”

“మా అమ్మ చేతికి ఆ పొడుగు పారే వచ్చింది. ఈ వయసులోనూ గడకర్రలా నడుస్తుంది. మా అమ్మమ్మ మాత్రం పోయేదాకా నేలనే చూసింది. మిమ్మల్నీ నిటారుగా నిలబెడితే, సమ్మె దేనికి చేశారో హాల్లోకొచ్చే పిల్లలకెలా తెలుస్తుంది?”

కామందుల నోళ్లు మూయించిన మనిషి స్టూలు దిగి, బొమ్మ వంగిన నడుం మీద వేలితో రాశాడు.

“సరే, వంగే ఉండనీ. కానీ ఆ బొజ్జ మాత్రం తీసెయ్. సమ్మెలో పస్తులున్నామంటే ఒక్కడూ నమ్మడు.”