ఇరవై నాట్స్ ఇవతల

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పంతొమ్మిదో తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు మన విమానయాన సంస్థ పైలట్ శిక్షణ కేంద్రంలో సహాయక బోధకులుగా చేరిన మాస్టారు, ముప్పై ఆరు సంవత్సరాల నలభై రెండు రోజుల అవిచ్ఛిన్న సేవ అనంతరం, గత జూలై ముప్పై ఒకటిన పదవీ విరమణ చేశారు. ఈ వ్యవధిలో ఆయన చేతుల మీదుగా ఎనిమిది వందల పైచిలుకు పైలట్లు తయారయ్యారు. వారిలో నేనొకణ్ణి. ఆయనను గురించి రాయడానికి నాకంటే యోగ్యులు ఈ కేంద్రంలో చాలామందే ఉన్నారు. అయితే జూలై ఇరవై నాలుగున జరిగినదానికి బాధ్యుణ్ణి నేను కనుక ఈ వ్యాసం నా వంతుకు వచ్చింది.

మాస్టారు బోధకులు కావాలని ఈ రంగానికి రాలేదు. ఎగరాలని వచ్చారు. ఇరవై రెండో ఏట ఫ్లయింగ్ స్కూల్లో నలభై ఒక్క గంటలు విమానం నడిపారు. ఒక ఉదయం తరగతి గదిలో, వాతావరణ పాఠం వింటూ వింటూ, మూర్ఛ వచ్చి పడిపోయారు. అదే మొదటిసారి, అదే చివరిసారి. వైద్య మండలి ముందు ఆయన తండ్రిగారు "ఒక్కసారే కదండీ" అని బతిమాలారట. "ఒక్కసారి చాలండీ" అన్నారట పెద్ద డాక్టరు. పైలట్ లైసెన్సు ఇక జన్మలో రాదని ఆ రోజే తేలిపోయింది. ఏడాదిన్నర తర్వాత ఆయన మన సిమ్యులేటర్ హాలు గుమ్మంలో నిలబడ్డారు.

ఆ హాలు చూడని మన సిబ్బంది కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాను. ఎత్తయిన రేకుల కప్పు కింద, ఆరు ఇనుప కాళ్ళ మీద, కిటికీలు లేని తెల్లటి పెద్ద పెట్టె ఉంటుంది. చిన్న వంతెన దాటి లోపలికి వెళితే అచ్చం విమానం కాక్‌పిట్. ఎదుట తెరల మీద రన్‌వే, మేఘాలు, వర్షం. పెట్టె వంగుతుంది, కుదుపుతుంది, గర్జిస్తుంది. నేల మాత్రం విడవదు. "లక్షసార్లు ఎగిరి గుమ్మం దాటనివాణ్ణి" అని మాస్టారు తన మీద తానే జోకు వేసుకునేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కారు.

తొంభై ఆరులో పూర్తిస్థాయి బోధకులుగా, రెండు వేల నాలుగులో ప్రధాన బోధకులుగా ఆయన పదోన్నతి పొందారు. సిమ్యులేటర్లు మూడు మారాయి, డైరెక్టర్లు ఏడుగురు మారారు, ఆయన పాఠం మాత్రం మారలేదు. విమానం నేల విడిచే ఆ నలభై సెకన్లలో పైలట్లు పైకి పలికే నాలుగైదు మాటలే ఆయన పాఠం. మాటలు ఎవరైనా బట్టీ పడతారు. ఆ మాటే ఎందుకు, ఆ క్షణంలోనే ఎందుకు అని ఆయన అడిగేవారు. అందుకే శిక్షణార్థులు ఆయనకు 'ఎందుకు మాస్టారు' అని పేరు పెట్టారు. ఆయనకు తెలుసు, తెలియనట్టే ఉండేవారు.

వేగం వంద నాట్స్‌కి చేరగానే ఒక పైలట్ 'హండ్రెడ్' అంటాడు. కళ్ళెదుట అంకె కనిపిస్తూనే ఉంటే పైకి చదవడం ఎందుకు? ఇద్దరి ముందూ వేర్వేరు మీటర్లు ఉంటాయి; రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి. ముక్కు లేపే వేళ 'రొటేట్' అంటారు. 'ఎగురు' అని ఎందుకనరు? ఎగరడం పైలట్ చేతిలో పని కాదు, రెక్కల పని. పైలట్ చేయగలిగిందల్లా వెనక చక్రాల మీద విమానాన్ని నెమ్మదిగా తిప్పి ముక్కు పైకెత్తడమే. తొందరపడి గుంజితే తోక నేలకు తగులుతుంది. ఆ తర్వాత 'పాజిటివ్ రేట్' అని వినబడేదాకా చక్రాలు ముడవకూడదు. నేల విడిచామని ఒంటికి అనిపిస్తే చాలదు, ఎత్తు పెరుగుతోందని మీటర్లు చెప్పాలి.

ఇక 'టేకాఫ్' అన్న మాట. కంట్రోల్ టవర్ ఆ మాటను అనుమతి ఇచ్చే క్షణంలోనో, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడో తప్ప వాడదు. మిగతా అన్ని వేళలా 'డిపార్చర్' అనే అంటుంది, ఎవరూ తొందరపడి కదలకుండా. మాస్టారు ఈ నియమాన్ని ఇంట్లో కూడా పాటించారు. "పెళ్ళయిన కొత్తలో ఏదో మాటల్లో టేకాఫ్ అన్నాను. అనుమతి ఎవరిచ్చారన్నట్టు చూశారు నా వైపు" అని, ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేసిన ఆయన సతీమణి నాతో చెప్పారు. ఆమెను నేను అక్కా అనే పిలుస్తాను.

అన్నిటికంటే ఆయన ఎక్కువ సమయం వెచ్చించింది 'వీ వన్' మీద. ఆ వేగం వరకూ ఆగడానికి రన్‌వే మిగిలి ఉంటుంది. దాటాక మిగలదు, ఇంజన్ ఆగినా సరే, గాల్లోకి వెళ్ళి అక్కడ చూసుకోవాలి. అందుకే 'వీ వన్' అని వినబడగానే కెప్టెన్ ఇంజన్ల జోరు పెంచి తగ్గించే లివర్ల మీంచి చెయ్యి తీసేయాలి. తొంభై తొమ్మిదిలో, శిక్షణ మూడో రోజున, నేను తీయలేదు.

"చెయ్యి" అన్నారు వెనకనుంచి.

"లాగనులెండి మాస్టారూ. ఊరికే పెట్టాను."

"ఊరికే పెట్టావా? సరే, మళ్ళీ మొదట్నించి."

మళ్ళీ బయలుదేరాం. వీ వన్ దాటిన మరుక్షణం ఆయన వెనకనుంచి మంట హెచ్చరిక గంట మోగించారు. నాకు తెలియకుండానే లివర్లు లాగేశాను. తెర మీద రన్‌వే అయిపోయింది, గడ్డి వచ్చింది, గోడ వచ్చింది.

"చూశావా నాయనా? నీ బుర్ర చెప్పిన మాట వింటుంది. చెయ్యి వినదు. గంట మోగితే ముందు చెయ్యి లాగుతుంది, లాగాక బుర్రకి కబురు చేస్తుంది. అందుకే దాన్ని అక్కడ ఉంచొద్దన్నారు పెద్దలు. ఆ పెద్దలు ఎవరనుకున్నావు? గోడకి కొట్టుకున్నవాళ్ళు."

ఆ రోజు మధ్యాహ్నం వరకూ నా చేత పంతొమ్మిది సార్లు చెయ్యి తీయించారు. భోజనం దగ్గర చెంచా కూడా పట్టుకోలేకపోయాను.

మన బోధకులకు ఏడాదికొకసారి నిజమైన విమానంలో, కాక్‌పిట్ వెనక సీటులో పరిశీలకులుగా ప్రయాణించే హక్కు ఉంది. మాస్టారు ముప్పై అయిదేళ్ళూ తన వంతు వేరేవారికి ఇచ్చేశారు. ప్రయాణికుడిగా వెళ్ళేటప్పుడు సైతం కిటికీ సీటు తీసుకోరు. కారణం మాకెవరికీ తెలియదు. ఈ ఏప్రిల్‌లో అక్కే చెప్పారు.

"అక్కడ కూర్చుంటే మళ్ళీ ఆ హాల్లోకి రాలేనేమోనని భయం ఆయనకి. నాతో ఒక్కసారే అన్నారు, మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు."

"ఇంక హాలుకి రావక్కర్లేదు కదక్కా. జూలైతో అయిపోతోంది. గుర్తింపు కార్డు ఇచ్చేస్తే మళ్ళీ కాక్‌పిట్ తలుపు దాటనివ్వరు."

"అందుకే నీకు చెప్తున్నా. ఆ వెనక సీటు ఫారం ఇంటికి పంపు. సంతకం నేను చేయిస్తా."

"ఒప్పుకుంటారా?"

"ముప్పై ఏళ్ళు ప్రోగ్రెస్ కార్డుల మీద తండ్రుల చేత చేయించాను, ఇదో లెక్కా?"

సంతకం వచ్చింది. జూలై ఇరవై నాలుగు, గురువారం మధ్యాహ్నం నా విమానంలో ఆయన పేరు నమోదయింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నలభై నిమిషాలు ముందే వచ్చి, వెనక సీటులో బెల్టులన్నీ బిగించుకుని కూర్చున్నారు. నా పక్కన కో-పైలట్ అమ్మాయి కూడా ఆయన శిష్యురాలే. "మాస్టారూ, ఇవాళ మార్కులు వేస్తారా?" అంది. "వెయ్యను. ఇవాళ నేను పిల్లవాణ్ణి" అన్నారు. ఆ గొంతు నేను ఇరవై ఆరేళ్ళలో వినలేదు.

ఆనాటి లెక్క ప్రకారం వీ వన్ నూట ముప్పై ఎనిమిది నాట్స్. టవర్ అనుమతి ఇచ్చింది. లివర్లు ముందుకు తోశాను. "హండ్రెడ్" అంది అమ్మాయి. రెండు మీటర్లూ ఒక్కటే చెబుతున్నాయి. అప్పుడు గంట మోగింది. కుడి ఇంజన్‌లో మంట అని ఎర్ర దీపం.

నా వెనక ఎవరు కూర్చున్నారో ఆ క్షణంలో నాకు గుర్తుంది. దాచుకోవలసిన పని లేదు. కానీ చెయ్యి నన్ను అడగలేదు. లివర్లు వెనక్కి వచ్చేశాయి, "స్టాప్" అన్నాను, బ్రేకులు పట్టాయి, నూట అరవై మంది ముందుకు వాలి వెనక్కి పడ్డారు. విమానం రన్‌వే మీద నిలిచిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. మాస్టారు కదలకుండా ఉన్నారు. ఆయన కుడి చెయ్యి పిడికిలి బిగించి, నడుము దాకా వెనక్కి లాగి ఉంది. ఆయన కూడా ఆపేశారు.

"మాస్టారూ, బాగానే ఉన్నారా?"

"ముందు ప్రయాణికులకి చెప్పు. నన్ను తర్వాత పలకరిద్దువుగాని."

అగ్నిమాపక సిబ్బంది చుట్టూ తిరిగి చూశారు. మంట లేదు, పొగ లేదు. బ్రేకులు చల్లబడేవరకు అక్కడే కూర్చున్నాం.

"ఎంతలో ఆపావు?"

"నూట పద్దెనిమిది."

"ఇరవై ఇవతల" అన్నారు. గాలి పీల్చి చూసి, "బ్రేకుల వాసన కాలిన రబ్బరులా ఉంటుందని ఇన్నేళ్ళూ పాఠం చెప్పానమ్మాయీ. అబద్ధం. మాడిన ఇస్త్రీపెట్టెలా ఉంది."

"పర్లేదు మాస్టారూ, పరీక్షలో ఎవరూ అడగలేదు" అంది ఆ అమ్మాయి. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

రెండు గంటల తర్వాత ఇంజనీర్లు తేల్చారు: ఇంజన్ నిక్షేపంగా ఉంది, మంటను కనిపెట్టే తీగ ఒకటి చెడింది. ప్రయాణికులను వేరే విమానంలో, వేరే సిబ్బందితో పంపారు. ఆయన పేరు ఆ విమానానికి మార్చమని అడిగాను, కుదరదన్నారు. మరో రోజు ఇమ్మన్నాను. విమానం సొంత ఇంజన్లతో కదిలింది కనుక ఈ ఏడాది వంతు వాడుకున్నట్టేనని కార్యాలయం జవాబిచ్చింది. విమానం ఆగిపోయినా అనుమతి పత్రం మాత్రం గాల్లోకి వెళ్ళిపోయింది.

"ఆపకుండా ఉంటే ఏమీ అయ్యేది కాదు మాస్టారూ" అన్నాను సిబ్బంది బస్సు ఎక్కబోతూ.

"ఆ సంగతి గంట మోగినప్పుడు తెలుసా నీకు?"

"తెలీదు."

"మరింకేం. ఆపకుండా ఉంటే నిన్ను నేనే ఫెయిల్ చేసేవాణ్ణి."

సరిగ్గా అప్పుడే, మేం ఆగిపోయిన రన్‌వే మీదే ఇంకో విమానం పరుగు మొదలుపెట్టింది. మాస్టారు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయారు. డ్రైవరు హారన్ కొట్టలేదు, అతనూ అటే చూస్తున్నాడు. మాస్టారి పెదవులు కదిలాయి. వీ వన్. రొటేట్. ముక్కు లేచింది. పాజిటివ్ రేట్. చక్రాలు ముడుచుకున్నాయి. అది చుక్కయి, చుక్క కూడా పోయాక, "పదండి" అన్నారు.

వారం తర్వాత ఆయన కార్డు అప్పగించి, ముగ్గురు శిక్షణార్థుల మార్కుల పత్రాలు సరిచూసి ఇచ్చి, ఇంటికి వెళ్ళారు. నేను అక్కకు ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నారక్కా?"

"మేడ మీద కుర్చీలో ఉన్నారు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ వీధి వైపు ఉండేది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు వైపు తిప్పుకున్నారు. టీ చల్లారిపోతోంది, తెలియడం లేదు. ముప్పై ఆరేళ్ళు మూసిపెట్టుకున్నారు. నేనూ నువ్వూ కలిసి తెరిచాం. మళ్ళీ మూయడం నా వల్ల కాదు. నువ్వే ఏదో ఒకటి చూడు."

చూశాను. ఊరి చివర ఫ్లయింగ్ క్లబ్బులో రెండు సీట్ల చిన్న విమానం ఉంది. ఎడమ సీటులో లైసెన్సు ఉన్న నేనుంటే, కుడి సీటులో ఎవరైనా కూర్చోవచ్చు. కార్డు అక్కర్లేదు, ఫారం అక్కర్లేదు. ఆగస్టు మొదటి ఆదివారం వెళ్ళి అడిగాను. "చూద్దాంలేవయ్యా. మోకాళ్ళు బాగోలేదు, రెక్క మీదికి ఎక్కాలి కదా" అన్నారు. రెండో ఆదివారం గాలి ఎక్కువగా ఉందన్నారు. అది నిజమే. మూడో ఆదివారం నేను అడగకుండానే, ఆ చిన్న విమానం ఎంత వేగంలో ముక్కు లేపుతుందని అడిగారు. యాభై అయిదన్నాను. తలూపి, మళ్ళీ ఆకాశం వైపు తిరిగారు.

ఎనిమిది వందల మందిని గాల్లోకి పంపి తాను నేల మీదే నిలిచిపోయిన మా మాస్టారు నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో, సతీమణితో, కుమార్తెలతో, మనవలతో సుఖంగా జీవించాలని శిక్షణ కేంద్రం సిబ్బంది, శిష్యులు అందరి పక్షాన కోరుకుంటున్నాను. ఇది పూర్తిగా నిస్వార్థమైన కోరిక కాదు. ఆయన కళ్ళు చల్లగా, గుండె దిటవుగా, మరీ ముఖ్యంగా మోకాళ్ళు ఒక చిన్న రెక్క ఎక్కగలిగేంత గట్టిగా ఉండాలన్నది మా స్వార్థం. మాస్టారూ, ఆదివారం ఉదయం ఏడింటికి అక్కడ గాలి నెమ్మదిగా ఉంటుంది. కుడి సీటు ఇంకెవరికీ ఇవ్వొద్దని క్లబ్బువాళ్ళతో చెప్పి ఉంచాను.