పలికితే తాళం వెయ్యకూడదు

కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ముగిసింది. మేనేజరు ఫైలు మూసి, ఎదురుగా కూర్చున్న అమ్మాయి వైపు చూశాడు.

"నువ్వేమైనా అడగాలా అమ్మా?"

"సాయంత్రం ఆ పెద్ద గది తలుపు వేసేముందు ఏం చేస్తారు సార్?"

"అందరూ సెలవులెన్ని అంటారు. నువ్వు తలుపు దగ్గర మొదలుపెట్టావే! గడపలో నిలబడి 'ఎవరైనా ఉన్నారా' అని కేకెయ్యాలి. ఎవరూ పలక్కపోతేనే తాళం."

"ఆ రూలు ఎప్పటినుంచి?"

"పాత సూపర్‌వైజరు లోపల ఉండిపోయినప్పటి నుంచి. తెల్లారి తలుపు తీస్తే ప్రాణం లేదు."

"ఇప్పుడు కేకేసేది ఎవరు?"

"నేనే. ఇకనుంచి నువ్వు."

"మీరెందుకు మానేస్తున్నారు సార్?"

"నవ్వకూడదు మరి. నేను కేకేస్తే అతను పలుకుతున్నాడు. లైట్లేసి మూలమూలా వెతికినా ఎవరూ ఉండరు. తాళం వెయ్యడానికి చెయ్యి రాదు. తలుపు తెరిచే ఉండిపోయి సరుకంతా కరిగిపోతోంది."

"ఏమని పలుకుతాడు?"

"'వస్తున్నా, ఒక్క నిమిషం' అని. ఏం, భయమేసిందా? వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు."

"ఉద్యోగం ఇవ్వండి సార్. అతను మా అన్నయ్యే. ఇంట్లోనూ అంతే. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొస్తే గానీ కదలడు."