నడిసముద్రంలో పడిన మార్కులు

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా బాబ్జాన్ టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే చాలు, ఏలీయా నోటికి పట్టపగ్గాలుండవు. అదే నోరు నంద్యాలలో బస్సు దిగి, పీజీ సెంటరు మెట్లెక్కి, అరుణకుమారి మేడం క్లాసులో అడుగుపెట్టేసరికి మూతపడిపోతుంది. ఎందుకలా అవుతుందో అతనికే అంతుపట్టదు.

మేడం చెప్పేది 'శ్రమ, ప్రపంచీకరణ' అనే సెమినార్. అందులో సగం మార్కులు రాసినదానికి, సగం మాట్లాడినదానికి. పిల్లలంతా గుండ్రంగా కూర్చోవాలి. వంతు వచ్చినవాళ్ళు తమ ఊళ్ళో ఏ పని జరుగుతుందో, ఆ సరుకు ఏ దేశం పోతుందో చెప్పాలి. చెప్పినదాని మీద తోటి విద్యార్థి ఒకరు ప్రశ్న అడగాలి. మాటకూ మార్కులే, ప్రశ్నకూ మార్కులే. ఏలీయాకు వంతు వచ్చినప్పుడల్లా జ్వరం వచ్చింది. మేడం మంచి మనిషి కాబట్టి ఆఖరుగా ఇంకో అవకాశం ఇచ్చింది. అది రేపే. రేపు కూడా నోరు పెగలకపోతే ఆ పేపరు పోతుంది, దాంతో ఏడాది చదువూ గంగలో కలుస్తుంది.

ఆ బెదురు కడుపులో పెట్టుకునే అతను ఆదివారం సాయంత్రం బాబ్జాన్ కొట్టుకు వచ్చాడు. వాన వెలిసింది. నల్లమల మీద మబ్బు బాగా కిందికి దిగి ఉంది. తడి రోడ్డు మీద బస్సుల లైట్లు పొడుగ్గా సాగి, ఊరంతా సగం నిద్రలో ఉన్నట్టు కనబడుతోంది. అలాంటి సాయంత్రాల్లో మనిషికి జరగనివి కూడా జరిగినట్టే అనిపిస్తాయి.

"చదువు ఎట్లుండాదప్పా?" అన్నాడు బాబ్జాన్, గ్లాసు అందిస్తూ. మాట వరసకే అడిగాడు పాపం.

"బ్రమ్మాండంగుండాదన్నా. మొన్న క్లాసులో అందరం గుండ్రంగా కూర్చోనుండామా, 'ఎవరన్నా ఒక మాట చెప్తారా' అనింది మేడం. నేను చెయ్యెత్తినా. మన ఊరి రాతి బొమ్మల గురించి రెండు ముక్కలు చెప్పినా. మేడం తలూపి మార్కు ఏసింది."

"మాట్లాడితే మార్కులా!" బాబ్జాన్ నోరు వెళ్ళబెట్టాడు. "అట్లయితే ఇంగ నీకు చదువెందుకప్పా? ఆ కాలేజీ నీ పేరున రాసియ్యాల."

పక్కనున్న స్టీలు సామాన్ల కొట్టు సుబ్బయ్య గట్టిగా నవ్వాడు. అక్కడితో ఆపి ఉంటే మర్యాదగా ఉండేది. కానీ తాను చెయ్యెత్తిన ఆ క్లాసు ఏలీయాకు కళ్ళముందు కనబడింది. అంతకుముందు ఎన్నడూ చూడని క్లాసు అది. మేడం తనవైపే చూస్తోంది, ఎవరూ నవ్వడం లేదు. ఇంకాసేపు అందులో ఉండాలనిపించింది. కళ్ళు సగం మూసుకున్నాడు.

"రెండు ముక్కలతో యాడ ఆగుతాదన్నా? నేను చెప్తానే ఉండా. బెల్లు కొట్టినారు. ఒక్కరు లేస్తే ఒట్టు! పక్క క్లాసోళ్ళు కిటికీల్లో కూర్చోనుండారు, ప్యూను గంట చేత పట్టుకోని అట్లనే నిలబడిపోయినాడు, చెట్టు మీద కాకులు గూడా అరిచేది మానుకోని మెడలు ఇట్ల వంచి ఇంటాండాయి. నేనేం చెప్తాండా? మన ఆళ్లగడ్డ రాయి కొండ దిగొచ్చి, అట్లట్ల బొమ్మయి, కండ్లు తెరిచి, పెట్టెలో కూర్చోని, ఓడెక్కి, సముద్రం దాటి, యాడనో మంచు పడే దేశంలో గుడిలోకి పోయేదాకా చెప్తాండా. మేడం మార్కులు ఏసి ఏసి చెయ్యి నొప్పి పుట్టి, ఆ చేత్తో కొన్ని, ఈ చేత్తో కొన్ని ఏస్తాంది. ఆ తర్వాత ఏమైందో తెల్సునా?"

"చెప్పకుండా ఎట్ల తెలుస్తాదప్పా," అన్నాడు సుబ్బయ్య.

"మా క్లాసులో మహేశ్ అని ఉండాడు. వాళ్ళన్న కువైట్లో క్రేన్ నడుపుతాడు. ఈడు ఫోన్లో నా మాట ఆయప్పకు ఇనిపించినాడు. ఆయప్ప పక్కనోళ్ళకు ఇనిపించినాడు. చూస్తాండంగనే ఆ ఊర్లో క్రేన్లన్నీ తలకాయలు దించి నిలబడినాయి. ఇసక గాల్లోకి లేచింది లేచినట్లే ఆగిపోయింది, కింద పడాలంటే నా మాట అయిపోవాల గదా! బంగ్లాదేశ్‌లో చొక్కాలు కుట్టే ఆడోళ్ళు సూది గుడ్డలో దించి, పైకి లాగేది మరిచిపోయినారంట."

"వాళ్ళకు తెలుగెట్ల తెలుస్తాదప్పా?"

"పనోళ్ళ మాట పనోళ్ళకు తెలీదా సుబ్బయ్యన్నా!" అన్నాడు ఏలీయా, కొంచెం కోపంగానే.

సరిగ్గా అప్పుడే రోడ్డు దాటి వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుంది నిలోఫర్. ఏలీయా క్లాసులోనే చదివే నంద్యాల పిల్ల. ఆళ్లగడ్డలో పిన్నమ్మ ఇంటికి వచ్చి, నంద్యాల బస్సు కోసం చూస్తోంది. రేపు ఏలీయా మాట మీద ప్రశ్న అడగాల్సింది కూడా ఈమే. ఏలీయా ఆమెను చూశాడు. ఆపేద్దామనుకున్నాడు. కానీ ఓడ అప్పటికే కళ్ళముందు బయలుదేరింది. నీలంగా, మెల్లగా, దీపాలన్నీ వెలిగించుకుని పోతోంది. అంత అందమైన ఓడను వదిలిపెట్టి దిగడానికి అతనికి మనసొప్పలేదు.

"ఆ ఓడలో మన ఊరి అమ్మవారి బొమ్మ పోతాంది," అన్నాడు, గొంతు తగ్గించి. "పెట్టెలోనించి నా మాట ఇని, బొమ్మ ఇట్ల ఒక పక్కకు ఒరిగింది. బొమ్మ ఒరిగితే ఓడ ఒరిగింది, ఓడ ఒరిగితే దారి మళ్ళింది, ముక్కు తిప్పి సక్కంగా నంద్యాల దిక్కు చూస్తా నిలబడింది. అలలు గూడా గమ్మున పండుకున్నాయి. సముద్రమంతా అద్దం మాదిరి. అంత పెద్ద నీళ్ళలో ఒక్క చప్పుడు లేదన్నా, నా గొంతు తప్ప."

"నడిసముద్రంలో ఫోను ఎట్ల పలికిందప్పా?" సుబ్బయ్య వదిలేలా లేడు.

"అలలు పండుకున్నాయి గదా! మాటకు అడ్డం ఏముండాది? నీళ్ళ మీద జారుకుంటా పోయింది."

"అది నిజమే," అన్నాడు బాబ్జాన్, పాలు పొంగుతున్న సంగతి కూడా మరిచిపోయి.

"ఇంగ అప్పుడు మొదలైందన్నా. ఓడలో కళాసీలు, కువైట్లో మనోళ్ళు, సూది దించిన ఆడోళ్ళు, అందరూ తలా ఒక మార్కు నాకియ్యాలన్నారు. యాడాడనించో మార్కులు గాల్లో వస్తాండాయి. తూర్పారబడితే పొట్టు లేచినట్లు, తెల్లగా, తేలిగ్గా, కిటికీల్లోనించి వచ్చి మా మీద రాల్తాండాయి. మేడం కొంగు పట్టింది. కొంగు నిండిపాయ. మార్కుల కాగితం చాలక ఇంకోటి అతికించినారు, దానికింకోటి, అది మెట్లు దిగి, రోడ్డెక్కి, నంద్యాల దాటి మన ఊరి పొలిమేర దాకా పరుచుకోనింది. చంద్రుడు దిగొచ్చి కిటికీలో కూర్చోని మేడాన్ని అడిగినాడు, 'మేడం, నేను గూడా ఒకటి ఎయ్యొచ్చునా?' అని."

స్టవ్వు మీద పాలు చుయ్యిమన్నాయి. ఏలీయా కళ్ళు తెరవలేదు. తెల్లటి మార్కులు ఇంకా రాలుతూనే ఉన్నాయి. వాటి కింద కూర్చుని అతను ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేం.

"ఏలీయా," అంది నిలోఫర్ వెనకనుంచి. "ఇదంతా అయిపోయిందంటాండావే, నీ వంతు రేపు గదా?"

మార్కులు ఆగిపోయాయి.

"రేపా?" అన్నాడు సుబ్బయ్య.

"రేపే. ఈ పొద్దు దాకా క్లాసులో ఈయన గొంతు మేం ఇన్లేదు. హాజరు పిలిస్తే గూడా చెయ్యెత్తుతాడు, పలకడు."

సుబ్బయ్య తొడ చరుచుకుని నవ్వాడు. బాబ్జాన్ భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఏలీయాకు చెవులదాకా వేడెక్కింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

నిలోఫర్ మాత్రం నవ్వలేదు. ఆమెకు ఒళ్ళు మండుతోంది. "నవ్వేదానికేముండాదన్నా? ఈయన మాట్లాడకపోతే నేను దేనిమీద ప్రశ్న అడగాల? నా మార్కులు గూడా ఈయన నోట్లోనే ఉండాయి. పోనీ ఇదే చెప్తాడనుకో, ఆగిపోయిన సముద్రాన్ని నేనేమడిగేది?" అని బెంచీ తిప్పుకుని అతని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. ఓడ లేకుండా చెప్పు."

ఏలీయా నోరు తెరిచాడు. ఓడ తీసేస్తే ఏమీ మిగల్లేదు. క్రేన్లు లేవు, చంద్రుడు లేడు. ఆఖరుకు, వినీ వినబడనంత మెల్లగా ఒక మాట వచ్చింది.

"మా యమ్మ బొమ్మలకు పాలిష్ పడ్తాది."

సుబ్బయ్య నవ్వు ఆపాడు.

"లూదియమ్మ గదా," అన్నాడు బాబ్జాన్. "బొమ్మల షెడ్డులో చేస్తాది, నాకు తెల్సు."

"ఊ. నీళ్ళు పోసి రుద్దుతాది. బొమ్మ మొగం నున్నగా అయ్యేదాకా రుద్దుతాది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే అరిగిన చేతి యేళ్ళు మండుతాయి. గరిటెతో తింటాది."

నిలోఫర్ అతని ముఖంలోకి చూసింది. "ఆ బొమ్మ యా దేశం పోతాదో మీ యమ్మకు తెల్సునా?"

ఓడ ఎందుకు ఒరిగిందో, సముద్రం ఎందుకు ఆగిందో, సుబ్బయ్య అడిగిన ప్రతిదానికీ అతని దగ్గర జవాబు ఉండింది. దీనికి లేదు. ఒక్క ఊళ్ళో, ఒక్క ఇంట్లో ఉంటూ, రోజూ ఆమె ముందర కూర్చుని తింటూ, ఆ సంగతి ఎన్నడూ అడగలేదు.

"తెలీదు," అన్నాడు.

"రేపు నేనడగబోయే ప్రశ్న అదే. ముందే చెప్పకూడదు, చెప్పేసినా," అంటూ నిలోఫర్ లేచింది. నంద్యాల బస్సు వచ్చి ఆగింది.

ఏలీయా సగం టీ అలాగే వదిలి రోడ్డు మీదికి దిగాడు. బాబ్జాన్‌కు ఇంకా మనసు ఆగలేదు. "అప్పా, ఆ ఓడ ఏమాయ? ఆడనే ఉండాదా?" అని కేకేశాడు.

"ఉండనియ్యన్నా," అన్నాడు ఏలీయా, వెనక్కి తిరగకుండా. "మా యమ్మ పండుకోకముందే పోవాల."