స్వామివారి సంతకం

రాజాం బస్టాండు ఎదర లక్ష్మణమ్మ టీ కొట్టులో నగరేశ్వరరావు నోరు తెరిచాడంటే, ఎవరి చేతిలో గ్లాసయినా చల్లారిపోవలసిందే. ధాన్యం వ్యాపారి, యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం పెళ్ళి పందిట్లో మైకు. ఆ సాయంత్రం అందరికంటే ఆశగా వింటున్నవాడు బెల్లం కొట్టు సూర్యారావు. రేపు పదింటికి విజయనగరం ఇన్‌కంటాక్సు ఆఫీసులో హాజరు కమ్మని కాయితం వచ్చింది అతనికి. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కొట్టుకి తాళం వేసేస్తారని ఇంట్లో భార్య భాగ్యవతి ఒకటే ఏడుపు.

"భయమెందుకురా అల్లుడూ!" అన్నాడు నగరేశ్వరరావు. "నిరుడు నన్నూ పిలిసేరు. ఎల్లేను. కుర్చీ లాక్కుని ఆఫీసరు ఎదరే కూకున్నాను. తాతల కాడ్నించీ మన షావుకార్లం బస్తాకి దోసెడు గింజలు ముఖలింగేశ్వరస్వామికి ధర్మం తీస్తాం కదా? అది ఖర్సు కింద రాసుకుని పన్ను తగ్గించీమన్నాను. 'దానం నీ ఇష్టం, పన్ను నీ ఇష్టం కాదు' అన్నాడు. 'దానం కాదు బాబూ, వాటా. స్వామి నా యాపారంలో భాగస్తుడు' అన్నాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

"ఏటయింది మావా?" సూర్యారావు బల్ల చివరికి జరిగాడు. తన కొట్లోనూ స్వామి పేర ఓ అచ్చు బెల్లం పక్కకి తీస్తారు. దారి దొరికిందనిపించింది.

"'భాగస్తుడైతే సంతకం పెట్టించు' అన్నాడు. 'పదండి' అన్నాను. జీపులో శ్రీముఖలింగం, స్వామి గుడికి బయల్దేరేం. దార్లో వంశధార వరద! రెండు తాటిచెట్ల ఎత్తు నీళ్ళు. 'స్వామీ, నీ వాటా కోసమే వస్తన్నాం' అని ఓ కేక యేసేను. సూడు, జీపు అరటిదొప్పలాగ తేలిపోయి అవతలి గట్టు కాడ ఆగింది. డ్రైవరు స్టీరింగే ముట్టుకోలేదు!"

"ఇంజను తడిసిపోలేదా?" అడిగాడు అసిరయ్య. నగరేశ్వరరావు దగ్గర బస్తాలు మోసే కలాసీ, లక్ష్మణమ్మ మొగుడు.

"తడవడమేటిరా, చక్రాల దుమ్ము కూడా వదల్లేదు! గుళ్ళో కాయితం, కలం పెట్టి తలుపులేసేరు. తీసేసరికి సంతకం! గంధంతో, రెవిన్యూ స్టాంపు మీద అడ్డంగా."

"తెలుగులోనా, ఇంగ్లీషులోనా?" మళ్ళీ అసిరయ్యే.

"పైన తెలుగు, కింద ఇంగ్లీషు. గవర్నమెంటు పని కదా! ఆఫీసరు సాష్టాంగపడిపోయేడు. ఆ కాయితం ఢిల్లీ ఎల్లింది. పార్లమెంటు రెండ్రోజులు ఆపీసేరు. దేశంలో దేవుళ్ళందరూ భాగస్తులైపోతే ఖజానా ఏటవుతాదని మంత్రులు తలలు పట్టుకున్నారు. ఆకరికి నాకే ఉత్తరం రాసేరు. 'అయ్యా, తమరు పన్ను కట్టొద్దు. ఈ కిటుకు మాత్రం ఎవులికీ సెప్పొద్దు' అని!"

"మరి మాకు సెప్పీసినావేటి?" అన్నాడు అసిరయ్య. కొట్టంతా గొల్లుమంది.

సూర్యారావుకి నవ్వు రాలేదు. "మావా, రేపు మొదటి బస్సుకి నాతో రా. నేనూ స్వామి వాటా అనే సెప్తాను. ఆ ఆఫీసరుకి నువ్వొక్కసారి కనబడితే చాలు."

నగరేశ్వరరావు టీ గ్లాసు అందుకున్నాడు. "రేపా... రేపు లోడు ఉన్నాదిరా."

పాలు మరగబెడుతున్న లక్ష్మణమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఇంక సాలించు బాబూ! నీ కోతలు నమ్మి ఈ బాబు రేపక్కడ అదే కూస్తే ఏటవుతాది? నిరుడు నీతో వచ్చింది నీ కలాసీ, మా ఇంటాయనే కదా. ఆఫీసు మెట్ల కాడ నీ కాళ్ళు ఒణికిపోతే సెయ్యట్టుకుని ఎక్కించినాడు. జీపూ లేదు, గీపూ లేదు."

నగరేశ్వరరావు కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"నిజమేరా," అన్నాడు సన్నగా. "అక్కడ నోరు పెగల్లేదు. ఆఫీసరే మంచినీళ్ళు ఇప్పించేడు. ధర్మం మాత్రం ఒప్పుకోలేదు. గోడౌను అద్దె, కలాసీల కూలి, ఆకరికి ఎలకల కోసం పెంచిన పిల్లుల పాలు కూడా నేను ఖర్సులో రాయడం మర్సిపోతే, ఆయనే అడిగి రాసుకున్నాడు. 'చట్టం వదిలినంత పన్ను తగ్గించుకో, కాదనం. దాచేవంటే ఊరుకోం' అన్నాడు. మిగిలింది కట్టీసి వచ్చీసేను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను."

ఈ మూడు రోజుల్లో మొదటిసారి సూర్యారావుకి ఆకలేసింది. లక్ష్మణమ్మని రెండు బన్నులు అడిగాడు.

"అయితే రేపు రావా మావా?"

"వస్తానురా," అన్నాడు నగరేశ్వరరావు. "మెట్ల కాడ మాత్రం నా సెయ్యి నువ్వు పట్టుకోవాల."